ఎండను వెనక్కి పంపే కప్పు

మే నెలలో రాత్రి పది దాటినా పై అంతస్తులో ఫ్యాను వేడిగాలే తిప్పుతుంది. పగలంతా ఎండను పీల్చుకున్న స్లాబు చీకటి పడ్డాక ఆ వేడిని గదిలోకి వదులుతుంది. ఏసీ పెట్టి, కరెంటు ఖర్చు చేసి, ఆ వేడినే మళ్లీ వీధిలోకి తోస్తున్నాం. అసలు స్లాబు వేడెక్కకుండా చూసే పరిశోధనల మీదే నాకు ఆశ ఎక్కువ.

మిద్దెకు సున్నం కొట్టడం మనకు పాత అలవాటే. తెల్లటి పూత ఎండను తిప్పికొడుతుంది. కొత్త సంగతి ఆ తర్వాతి మెట్టు. ఏ వస్తువైనా కంటికి కనిపించని పరారుణ కిరణాలుగా వేడిని వదులుతూనే ఉంటుంది. అందులో చాలావరకు గాలిలోని నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ పట్టేస్తాయి. 8 నుంచి 13 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కిరణాలు మాత్రం పెద్దగా అడ్డు లేకుండా అంతరిక్షంలోకి వెళ్లిపోతాయి. 2014లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆస్వత్ రామన్, శాన్‌హుయ్ ఫాన్ బృందం ఈ దారినే వాడుకుంది. పలుచని ఏడు పొరలతో వాళ్లు చేసిన పలక 97 శాతం ఎండను తిప్పికొట్టింది. నేరుగా ఎండలో పెట్టినా చుట్టూ ఉన్న గాలికంటే దాదాపు 5 డిగ్రీలు చల్లగా ఉంది, అదీ కరెంటు లేకుండా! 2021లో పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు బేరియం సల్ఫేట్‌తో పెయింటే తయారుచేశారు. అది 98.1 శాతం ఎండను తిప్పికొడుతుంది.

అయితే గాలిలో ఆవిరి పెరిగేకొద్దీ ఆ దారి ఇరుకవుతుంది. కాబట్టి ఇలాంటి పూత అనంతపురంలో ఇచ్చినంత చల్లదనం విశాఖలో ఇవ్వదు. దుమ్ము పడితే తెలుపు తగ్గుతుంది, అప్పుడప్పుడూ కడగాల్సిందే.

2023లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులను చల్లబరచాలన్నది లక్ష్యం. మంచి అడుగే. కానీ ఇళ్ల విషయంలో 600 గజాలు, ఆపైన స్థలం ఉన్నవాటికే తప్పనిసరి చేశారు. అంతకంటే తక్కువ స్థలం ఉన్నవాళ్లది వాళ్లిష్టం. వేడికి ఎక్కువ నలిగేది రేకుల ఇళ్లలో ఉండేవాళ్లు. ప్రభుత్వం ముందు వాళ్ల కప్పులకు ఉచితంగా పూత వేయించాలి. పలుచని రేకు వేడిని దాచుకోలేదు, ఎండ తగలగానే కిందికి దించుతుంది. అందుకే పూత వేసిన రోజునే తేడా తెలుస్తుంది.