గల్లంతైన ఫైటర్ పైలట్లు: అపోహలు - వాస్తవాలు

కూలిపోయిన యుద్ధ విమానాల దగ్గర దొరికిన ఎముకలు ఎవరివో తేల్చడం మా పని. ఈ పని గురించి తరచూ వినిపించే మాటల్లో కొన్ని ఇవి.

అపోహ: విమానం దొరికితే పైలట్ దొరికినట్టే.

ఫ్రెంచ్ రచయిత, పైలట్ ఆంత్వాన్ ద సాంతెగ్జుపెరీ సంగతే చూడండి. 1944 జులై 31న కోర్సికా నుంచి పీ-38 రకం నిఘా విమానంలో వెళ్లి తిరిగి రాలేదు. 1998లో మార్సెయ్ దగ్గర ఓ జాలరి వలలో ఆయన బ్రేస్‌లెట్ పడింది. 2000లో సముద్రం అడుగున శకలాలు కనిపించాయి. వాటిని బయటకు తీశాక, ఓ ముక్క మీదున్న తయారీ నంబరు ఆధారంగా 2004లో ఆ విమానం ఆయనదేనని ఖాయం చేశారు. మనిషి మాత్రం దొరకలేదు.

అందుకే ఎముకలతో పాటు బకిళ్లు, జిప్పులు, పారాచూట్ హ్యాండిల్ లాంటివాటి కోసం కూడా మట్టిని జల్లెడ పడతాం. సీటు బెల్టు బకిల్ బిగించే ఉందంటే పైలట్ దూకలేదనుకోవచ్చు. ఎవరో జ్ఞాపకంగా ఉంటుందని నంబరున్న రేకు పట్టుకుపోతే మాకు సగం దారి మూసుకుపోతుంది. బ్రిటన్‌లో 1986 చట్టం ప్రకారం సైనిక విమాన శిథిలాలను లైసెన్సు లేకుండా తవ్వకూడదు. మంచి చట్టం.

అపోహ: కొడుకు రక్తం ఇస్తే డీఎన్ఏ పరీక్షలో తేలిపోతుంది.

కాలిన, దశాబ్దాల పాటు మట్టిలో నానిన ఎముకల్లో తరచూ మిగిలేది మైటోకాండ్రియల్ డీఎన్ఏనే, అంటే కణంలోని మైటోకాండ్రియా అనే చిన్న భాగాల్లో ఉండే డీఎన్ఏ. అది తల్లి నుంచి మాత్రమే వస్తుంది. పైలట్ మగవాడైతే ఆయన పిల్లలకు అది వాళ్లమ్మ నుంచి వస్తుంది కాబట్టి వాళ్లు ఈ పరీక్షకు పనికిరారు. తల్లి, తోబుట్టువులు, మేనమామ, పిన్ని పనికొస్తారు. అక్కచెల్లెళ్ల పిల్లలూ పనికొస్తారు. అన్నదమ్ముల పిల్లలు పనికిరారు. ఇంటిపేరు ఒకటే అయినంత మాత్రాన లాభం లేదు. పైగా చుట్టరికం లేనివాళ్లలో కూడా ఇదే డీఎన్ఏ కలవొచ్చు, కాబట్టి పళ్లు, ఎత్తు, వయసు, దొరికిన చోటు అన్నీ సరిపోవాలి.

అపోహ: "అజ్ఞాత సైనికుడు" అంటే ఏ ఆధారమూ లేనివాడు.

అమెరికా వైమానిక దళ పైలట్ మైకేల్ బ్లాసీ 1972 మే 11న వియత్నాంలోని ఆన్ లాక్ దగ్గర ఏ-37 యుద్ధ విమానంతో కూలిపోయాడు. ఆ ఏడాదే ఆరు ఎముకలు, ఆయన గుర్తింపు కార్డు దొరికాయి. కార్డు తర్వాత మాయమైంది. ఎముకల కొలతలు చూసిన నిపుణులు ఎత్తు, వయసు ఆయనవి కావన్నారు. 1984లో ఆ ఎముకలను అమెరికాలోని ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో, ఎవరో తేలని సైనికుల కోసం కట్టిన అజ్ఞాత సైనికుడి సమాధిలో పెట్టారు. 1998లో తవ్వి తీసి, తల్లి, సోదరి ఇచ్చిన నమూనాలతో పోల్చితే అవి బ్లాసీవే. కొన్ని ఎముకల కొలతతోనే తీర్పు చెప్పేయడం ఎంత ప్రమాదమో మా వాళ్లకు ఈ కేసే చెబుతుంది.

అపోహ: ప్రభుత్వం చనిపోయాడని ప్రకటించిందంటే శవం దొరికినట్టే.

అమెరికా నౌకాదళ పైలట్ స్కాట్ స్పైకర్ నడిపిన ఎఫ్/ఏ-18 విమానం 1991 జనవరి 17న ఇరాక్‌లో కూలింది. మొదట మృతుడన్నారు, 2001లో గల్లంతు అని మార్చారు, 2002లో బందీ కావచ్చన్నారు. 2009లో అన్బర్ ఎడారిలో అవశేషాలు దొరికాయి. దవడ ఎముక, పళ్లు పాత దంత వైద్య రికార్డులతో సరిపోయాయి. అప్పటిదాకా మారుతూ వచ్చినవి కాగితాలే.