మిషన్ బడిలో చరిత్ర పాఠం: డెల్టా నేపథ్యం

గోదావరి డెల్టాలో క్రైస్తవ యాజమాన్యాలు నడిపే బడుల గురించి ఒక వాదన తరచూ వినిపిస్తుంది. అక్కడ చరిత్ర, సోషల్ చెప్పేటప్పుడు మతం కలుస్తుందేమోనని కొందరు తల్లిదండ్రుల అనుమానం. మన బడిలో మన చరిత్రే లేదని కొందరు క్రైస్తవ సంఘ పెద్దల బాధ. ఈ రెండింటిలో రెండో మాటలోనే నిజం ఎక్కువని నా అభిప్రాయం. ఈ బడుల్లో ఏ చరిత్ర చెప్పాలో చాలావరకు నిర్ణయించినవి ప్రభుత్వ గ్రాంటూ పబ్లిక్ పరీక్షా. అదెలా జరిగిందో తెలియాలంటే సుమారు రెండు వందల ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

ఇంగ్లండులోని డెవన్ ప్రాంతం నుంచి విలియం బౌడెన్, జార్జి బీర్ 1836లో మచిలీపట్నంలో దిగారు. ఆ తర్వాత నర్సాపురం, పాలకొల్లులను తమ కేంద్రాలుగా చేసుకున్నారు. గోదావరి డెల్టా మిషన్ అలా మొదలైంది. 1845లో ఉత్తర జర్మనీ మిషన్ వారు రాజమండ్రి వచ్చారు, కొన్నేళ్లకే ఆ పని అమెరికన్ లూథరన్ల చేతికి మారింది. 1870లలో కాకినాడ వైపు కెనడియన్ బాప్టిస్టులు వచ్చారు. డెల్టా మిషన్ తొలి రోజుల్లోనే ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆనకట్ట లేచింది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆ పనికి వేలమంది కూలీలు వచ్చారు. మిషనరీల ప్రచారం ఆ కూలీల మధ్యకూ వెళ్లింది. డెల్టా వ్యవసాయం, డెల్టా క్రైస్తవ సంఘం దాదాపు ఒకే కాలంలో పెరిగాయి.

తొలి బడుల్లో చదువంటే బైబిలు చదవగలగడమే. చరిత్ర అంటే సృష్టి నుంచి పౌలు ప్రయాణాల దాకా. అయినా మాలపల్లెలోనో మాదిగపేటలోనో ఉన్న పిల్లలకు అక్షరం దొరికిన తొలి చోట్లలో అవీ ఉన్నాయి. ఊరి వీధి బడి అరుగు ఆ పిల్లలకు అందేది కాదు. ఈ సంగతిని తక్కువ చేసి ఏ కథ చెప్పినా అది అబద్ధమే అవుతుంది. అలాగని మిషన్లు కులాన్ని ఒక్కసారిగా తుడిచేశాయనడమూ నిజం కాదు. పొరుగునే మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో పెట్టిన బడి పెద్ద కులాల పిల్లల కోసం పెట్టినది. 1852లో అందులో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకోగానే తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించారు, బడి దాదాపు ఖాళీ అయింది. బడిలో మతం అనగానే ఈ జిల్లాల్లో పుట్టే టెన్షన్ వయసు అంతటిది.

ప్రభుత్వం ఇందులోకి వచ్చింది ఇక్కడే. 1846లో మద్రాసు గవర్నరు ట్వీడేల్ ప్రభుత్వ బడుల్లో బైబిలు క్లాసు పెట్టాలని ప్రతిపాదిస్తే లండన్‌లోని ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు ఒప్పుకోలేదు. ఇండియాలో చదువు ఎలా ఉండాలో చెబుతూ 1854లో లండన్ నుంచి వచ్చిన వుడ్స్ డెస్పాచ్ అనే ఆదేశం మధ్యేమార్గం చూపింది. మంచి లౌకిక విద్య చెప్పే ప్రైవేటు బడికి గ్రాంటు ఇస్తారు, ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తాడు, కానీ ఆ బడిలో మత బోధ సంగతి అడగడు. దాదాపు అదే సమయంలో రాజమండ్రి సబ్ కలెక్టరు జి.ఎన్. టేలర్ నర్సాపురం చుట్టుపక్కల ఊళ్లలో రైతుల నుంచి రేటు (బడి పన్ను) వసూలు చేసి బడులు నడిపించాడు. 1863 నాటి మద్రాసు విద్యా చట్టానికి ఆ ప్రయోగమే ఒక ప్రేరణ. కాలవ నీళ్లతో చేతిలో నాలుగు డబ్బులు ఆడిన డెల్టా రైతు, మిషనరీ కన్నా ముందే కాకపోయినా మిషనరీతో పాటుగానైనా, చదువు కోసం డబ్బు పెట్టాడు. ఈ విషయం ఎక్కువమందికి తెలియదు.

గ్రాంటు వచ్చాక మిషన్ బడి టైంటేబుల్ రెండుగా చీలింది. బైబిలు పీరియడ్ మిషన్‌ది, మిగతా పీరియడ్లు ప్రభుత్వానివి. 1860ల తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో పిల్లల పరీక్షా ఫలితాలను బట్టి గ్రాంటు లెక్కకట్టే పద్ధతి నడిచింది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక మెట్రిక్యులేషన్‌లో ఇంగ్లండు చరిత్ర, ఇండియా చరిత్ర, భూగోళం తప్పనిసరి అయ్యాయి. పిల్లవాడు మెట్రిక్ గట్టెక్కాలంటే ఇంగ్లండు రాజులైన ట్యూడర్ల వంశావళి రావాలి. తన ఊరి పక్కన మాధవాయిపాలెంలో ఇంగ్లీషు కంపెనీ వాళ్లు ఎందుకు వర్తకం చేశారో రానక్కర్లేదు. పరీక్షలో అడగనిదాన్ని చెప్పడానికి ఏ బడికీ, ఏ మేస్టారికీ తీరిక ఉండదు. ఆనాడైనా ఈనాడైనా అంతే.

పాఠ్యపుస్తకంలో మతం గురించిన గొడవ కూడా కొత్తది కాదు, అయితే అది మొదట ఎటువైపు నుంచి వచ్చిందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1872లో జాన్ మర్డాక్ అనే స్కాట్లండు మిషనరీ మద్రాసు ప్రభుత్వ, విశ్వవిద్యాలయ పాఠ్యపుస్తకాల్లో విగ్రహారాధన, నీతిబాహ్యమైన విషయాలు ఉన్నాయని బహిరంగంగా ఫిర్యాదు చేశాడు. దేశభాషల్లో బడి పుస్తకాలు అచ్చు వేసే క్రైస్తవ సంస్థలో ప్రముఖుడాయన. ఆ మరుసటి ఏడాది పాఠ్యపుస్తకాల సమీక్షకు కమిటీలు ఏర్పడ్డాయి. పుస్తకంలో ఏది ఉండాలో కమిటీ తేల్చే పద్ధతికి మన దగ్గర పునాది పడ్డ రోజులవి. మర్డాక్ ఫిర్యాదులో తెలుగు, తమిళ సాహిత్యం మీద చాలా చిన్నచూపు ఉంది. దాన్ని క్రైస్తవ విద్యావేత్తలు ఇవాళ నిజాయితీగా ఒప్పుకోవాలి.

తెలుగువాళ్లు తమ చరిత్రను తాము రాసుకోవడం బడి బయట మొదలైంది. 1907లో జాతీయోద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి మాట్లాడాక అక్కడి ప్రభుత్వ ట్రైనింగ్ కాలేజీలో వందేమాతరం బ్యాడ్జీల వివాదం రేగింది. అప్పుడు టీచరు ట్రైనింగ్ చదువుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావును కాలేజీ నుంచి పంపేశారు. బోర్డు ముందు నిలబడి చరిత్ర చెప్పబోయే మనిషికి ఆ పాఠం గట్టిగానే తగిలింది: ప్రభుత్వానికి నచ్చని చరిత్ర మాట్లాడితే ఉద్యోగం ఉండదు. తెలుగులో చరిత్ర, విజ్ఞాన పుస్తకాలు వేసిన కొమర్రాజు లక్ష్మణరావు విజ్ఞాన చంద్రికా మండలి 1906లో మొదలైంది. చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రము తొలి భాగం 1910లో వచ్చింది. 1922లో రాజమండ్రిలోనే ఆంధ్రదేశ చరిత్ర పరిశోధక మండలి ఏర్పడింది. శాసనాలు వెతికే పెద్దలు ఇంత దగ్గరగా ఉన్నా, గ్రాంటుతో నడిచే బడి, మిషన్‌ది గానీ మరొకరిది గానీ, తన సిలబస్ దాటే వీలు తక్కువ.

స్వాతంత్ర్యం వచ్చాక చట్టం మారింది. రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు తమ విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. 28వ అధికరణం ప్రకారం ప్రభుత్వ గుర్తింపు లేదా ఎయిడ్ (ప్రభుత్వ గ్రాంటు) ఉన్న బడిలో మత బోధకు హాజరు కావాలని ఎవరినీ బలవంతం చేయకూడదు, పిల్లలైతే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. ఇది చాలా స్పష్టమైన రక్షణ. 1952-53 నాటి మొదలియార్ కమిషన్ చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రాలను కలిపి సాంఘిక శాస్త్రంగా చెప్పమంది. మిషన్ బడిలో అప్పటినుంచి సోషల్ మేస్టారు చేతిలో ఉన్నది రాష్ట్ర పుస్తకమే. మత బోధ ఉంటే అది వేరే పీరియడ్.

పుస్తకంలో లేనిది మాత్రం అలాగే ఉండిపోయింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితులు షెడ్యూల్డు కులాల జాబితాలోకి రారు. సిక్కు దళితులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు. మన రాష్ట్రంలో ఆ క్రైస్తవ కుటుంబాలు వెనుకబడిన తరగతుల్లో బీసీ-సీ అనే వర్గం కింద ఉన్నాయి, ఆ వర్గానికి రిజర్వేషను ఒక్క శాతం. ఈ అక్షరాలు బడి అడ్మిషన్ రిజిస్టరులో పిల్లల పేర్ల పక్కన కనిపిస్తాయి. వాటి వెనక చరిత్ర ఏమిటో ఆ పిల్లలకు సోషల్ క్లాసులో చెప్పకపోతే ఇంకెక్కడ చెబుతాం? రాజమండ్రి కవి కుసుమ ధర్మన్న తెల్లదొరల మీద ఉద్యమం నడుస్తున్న రోజుల్లోనే మన పెద్ద కులాల నల్లదొరల పెత్తనాన్నీ నిలదీశాడు. అంబేడ్కర్ 1944లో ఈ జిల్లాలకు వచ్చారు. ఇవన్నీ బస్సులో గంట దూరంలో జరిగిన విషయాలు. వీటిని దాటవేయడం అక్కడి పిల్లలకు అన్యాయం చేయడమే.

ఇటీవలి మార్పులు మేస్టారి మీద ఒత్తిడి పెంచాయి. 2014లో సుప్రీంకోర్టు మైనారిటీ బడులకు విద్యాహక్కు చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. అయితే పదో తరగతి పబ్లిక్ పరీక్ష రాయించే బడికి సిలబస్ నుంచి మినహాయింపేమీ లేదు. ప్రభుత్వం జీతమిచ్చే ఎయిడెడ్ పోస్టులు ఏళ్ల తరబడి నిండలేదు. 2021లో రాష్ట్ర ప్రభుత్వం ఎయిడ్ వదులుకోమన్నట్టుగా ఉత్తర్వులిస్తే తల్లిదండ్రులు రోడ్డెక్కారు. తర్వాత అది యాజమాన్యం ఇష్టమని ప్రభుత్వం వివరణ ఇచ్చింది. 1854లో మొదలైన గ్రాంటు ఒప్పందం ఇలా సడలుతున్న కాలంలోనే సోషల్ పుస్తకాలు కేంద్ర పాఠ్యపుస్తక సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ బాటలోకి వచ్చాయి. మ్యాప్ పాయింటింగ్, బిట్లు, మోడల్ పేపర్లతో ఏడాది గడిచిపోతుంది.

అయినా ఒక సందు ఉంది. ఏడాది మధ్యలో జరిగే ఫార్మేటివ్ పరీక్షల్లో ప్రాజెక్టు పనికి మార్కులున్నాయి, దాన్ని గైడు చూసి ఎక్కించకుండా ఊళ్లోకి పంపిస్తే చాలు. పాలకొల్లులో డచ్చివారి సమాధులు ఉన్నాయి. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది. యానాం 1954 దాకా ఫ్రెంచివారి కింద ఉందన్న సంగతి గుర్తున్న పెద్దలు ఇంకా దొరుకుతారు. పాత మిషన్ బడులైతే ముందుగా తమ బీరువాలే తెరవాలి. ఎవరిని చేర్చుకున్నారు, ఎవరు మధ్యలో మానేశారు, ఆడపిల్లలు ఏ ఏడు నుంచి వచ్చారు అన్నవి పాత అడ్మిషన్ రిజిస్టర్లలో ఉంటాయి. వాటిని చెదలు తినకముందే తొమ్మిదో తరగతి పిల్లల చేత, వ్యక్తుల పేర్లు బయటపెట్టకుండా, దశాబ్దాల వారీగా లెక్క కట్టించవచ్చు. అందుకు బిషప్ అనుమతి గానీ డీఈవో ఉత్తర్వు గానీ అక్కర్లేదు. హెడ్‌మాస్టరు తాళం ఇస్తే సరిపోతుంది.