ఎనిమిది సెంట్ల నేలలో ఒక డబ్బా

పర్లాకిమిడి,
కార్తీక పౌర్ణమి మర్నాడు.

పెద్దోడికి, చిట్టికి, బుజ్జిగాడికి తాతయ్య దీవెనలు.

దసరా సెలవుల్లో మీరు ఊరెళ్లే ముందురోజు జీడితోటలో జరిగింది నా మనసులోంచి పోవడం లేదు. జియోకేషింగ్ ఆట కోసం బరంపురం అన్నయ్య ఓ స్టీలు డబ్బా దాచి, ఆ చోటు జీపీఎస్ అంకెలు మీకు పంపాడు. గెడ్డ దాటి, మెట్ట కింద ఆ పెద్ద బండ పక్కన దానికోసం ముగ్గురూ గంటన్నర వెతికారు. ఫోనులో బాణం ఒకసారి బండ వైపు చూపిస్తుంది, నాలుగడుగులు వేస్తే వెనక్కి తిరుగుతుంది. ‘ఇంకా 6 మీటర్లు’ అన్నది కాస్తా నిలబడ్డ చోటే ‘19 మీటర్లు’ అయిపోయింది. చివరికి బుజ్జిగాడు “ఫోను అబద్ధం చెబుతోంది తాతా” అని ఏడుపు మొదలెట్టాడు. ఆ డబ్బా దొరక్కుండానే బండి ఎక్కేశారు.

అప్పుడు మీకు ఏమీ చెప్పలేకపోయాను. చీకటి పడుతోంది, పురుగూ పుట్రా తిరిగే వేళ, నాకు ఒకటే టెన్షన్. అందుకే ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. ముప్పై ఏళ్లు సర్వే అమీనుగా పొలాలు కొలిచినవాణ్ణి కదా, ఒక మాట గట్టిగా చెప్పగలను. ఆ ఫోను అబద్ధం చెప్పలేదు. పాపం, దానికి చేతనైనట్టు కొలిచింది. మేం లాగిన 66 అడుగుల ఇనుప గొలుసు కూడా ఎండకు సాగేది, కడియాలు అరిగి ఇంకాస్త సాగేది. కొలతన్నాక తేడా ఉంటుంది. ఎంత తేడా అనేదే అడగాలి.

మెరుపు మెరవగానే ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడతాం చూడండి. మూడు సెకన్లకు ఉరిమితే పిడుగు కిలోమీటరు దూరంలో పడినట్టు. జీపీఎస్‌దీ ఇదే లెక్క. 20,200 కిలోమీటర్ల ఎత్తున ముప్పై దాకా ఉపగ్రహాలు తిరుగుతూ, ‘ఇప్పుడు టైమింత, నేను ఇక్కడున్నాను’ అని రేడియోలో చెబుతూనే ఉంటాయి. ఆ కబురు రావడానికి ఎంతసేపు పట్టిందో చూసి ఫోను దూరం కడుతుంది. నడినెత్తిన ఉన్న ఉపగ్రహం నుంచయితే సెకనులో పదిహేనో వంతు పడుతుంది, అంతే. కాంతి వేగంతో వచ్చే కబురు కాబట్టి, టైము సెకనులో పదిలక్షల వంతు తప్పినా దూరం 300 మీటర్లు తప్పుతుంది. ఉపగ్రహంలో అణు గడియారం ఉంటుంది, ఫోనులో ఉండేది మామూలుది. దాని తప్పును కూడా లెక్కలోనే తేల్చుకోవాలి గనక, కనీసం నాలుగు ఉపగ్రహాలు కనిపిస్తే తప్ప ఫోను మీ చోటు చెప్పలేదు.

మీరు ఆడే జియోకేషింగ్ పుట్టిందే తేడా తగ్గాక. 2000 సంవత్సరం దాకా అమెరికా ప్రభుత్వం మామూలు జనానికి అందే సంకేతాన్ని కావాలని కొంత చెడగొట్టి పంపేది. 100 మీటర్ల దాకా తప్పేది. ఆ ఏడాది మే 2న ఆ పని మానేశారు. మర్నాడే, మే 3న, ఒరెగాన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ దగ్గర అడవిలో డేవ్ ఉల్మర్ అనే ఆయన ఓ బకెట్‌లో కొన్ని వస్తువులు, దొరికినవాళ్లు రాసేందుకు పుస్తకం, పెన్సిల్ పెట్టి దాచి, ఆ చోటు అంకెలు లోకానికి చెప్పాడు. ఒక్కరోజు కూడా ఆగలేదు చూడండి! ఆయన ఆత్రం నాకు బాగా అర్థమవుతుంది. 100 మీటర్లు అటూ ఇటూ అంటే గుండ్రంగా దాదాపు ఎనిమిది ఎకరాలు. అంత నేలలో బకెట్ ఎవరు వెతుకుతారు?

ఇప్పుడు ఆకాశం బాగా కనిపించే బయట్లో ఫోను సుమారు 5 మీటర్ల లోపు చెబుతుంది. ఆ గుండ్రం రెండు సెంట్లు కూడా ఉండదు. కానీ దాచినవాడి ఫోనూ 5 మీటర్లు తప్పి ఉండొచ్చు, మీదీ తప్పొచ్చు. రెండూ చెరో వైపు తప్పితే 10 మీటర్లు. దూరం రెట్టింపయితే నేల నాలుగింతలవుతుంది, అంటే దాదాపు ఎనిమిది సెంట్లు. మన ఇల్లు, పెరడు, పశువుల పాక కలిపితే అంత. ఫోను ‘వచ్చేశావు’ అన్నా, అన్నం డబ్బా అంత వస్తువు కోసం ఆ జాగా అంతా చూడాల్సిందే.

జీడితోటలో ఇంకా ఎందుకు చెడింది? మొదటిది ఆ బండే. దాని ముందు నిలబడి “ఓయ్” అని అరిస్తే మన గొంతు మనకే తిరిగొచ్చేది గుర్తుందా? ఉపగ్రహం కబురు కూడా అలాగే బండకు తగిలి, చుట్టు తిరిగి, ఆలస్యంగా ఫోనుకు చేరుతుంది. ఆలస్యమైంది కాబట్టి ఉపగ్రహం ఇంకా దూరంలో ఉందని ఫోను అనుకుంటుంది. దానికి తోడు ముందురాత్రి వాన. నేలకు వంగిన జీడికొమ్మలు, తడి ఆకులు. ఆ సంకేతం అసలే చాలా బలహీనం, నీళ్లతో నిండిన ఆకులు దాన్ని ఇంకా మింగేస్తాయి.

అన్నిటికన్నా ముఖ్యమైంది ఇంకొకటుంది. ఇది నా వృత్తిలో విషయం కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను. ఒక కాగితం మీద రెండు గీతలు అడ్డంగా, నిలువుగా గీయండి. అవి ఎక్కడ కలిశాయో చుక్క పెట్టినట్టు తెలుస్తుంది. ఇప్పుడు రెండు గీతలు దాదాపు పక్కపక్కనే పోతూ మెల్లగా కలిసేట్టు గీయండి. ఎక్కడ కలిశాయంటే చెప్పలేరు, అంగుళం పొడవునా కలిసినట్టే ఉంటాయి. ఒక గీత వెంట్రుకవాసి జరిగితే కలిసేచోటు ఎంతో దూరం జరిగిపోతుంది. అందుకే దూరాన ఉన్న చెట్టును రెండు చోట్ల నుంచి గురిచూసేటప్పుడు మేం ఆ రెండు చోట్లూ బాగా ఎడంగా ఉండేట్టు చూసుకునేవాళ్లం. ఉపగ్రహాలూ అంతే. ఆకాశంలో నాలుగు దిక్కులా పరుచుకుని ఉంటే చోటు ఖచ్చితంగా తేలుతుంది. బండ పడమటి ఆకాశాన్నంతా మూసేసింది. కనిపించేవన్నీ తూర్పునే. గీతలు ఏటవాలుగా కలిశాయి, చోటు సాగిపోయింది.

పైన గాలిలో విద్యుత్తు నిండిన పొర వల్ల కూడా కబురు కొంచెం ఆలస్యమవుతుంది, మధ్యాహ్నాలు ఎక్కువ. ఫోను దాన్ని కొంతవరకు సరిచేసుకుంటుంది గానీ పూర్తిగా కాదు.

బాణం సంగతి వేరు. నడుస్తుంటే మీరు ఎటు పోతున్నారో జీపీఎస్‌కు తెలుస్తుంది. నిలబడితే తెలియదు, అప్పుడు ఫోనులోని దిక్సూచే దిక్కు. చిట్టీ, నీ ఫోను కవరు మూత దానంతట అదే అతుక్కుంటుంది కదా, అందులో అయస్కాంతం ఉంది. దాన్ని పెట్టుకుని దిక్కు చూస్తే ఎలా? కవరు తీసేసి, ఫోనును గాలిలో ఎనిమిది అంకె వేసినట్టు నాలుగైదుసార్లు తిప్పాలి.

ఇక పెద్దోడా, మొదటిరోజు నువ్వు గెడ్డ దాటి అవతలి పల్లం దాకా పోయి బురదలో దిగడానికి జీపీఎస్‌కు ఏ సంబంధమూ లేదు. అన్నయ్య పంపింది 18 డిగ్రీల 46.500 నిమిషాలు. నువ్వు దాన్ని 46 నిమిషాల 50 సెకన్లుగా రాసుకున్నావు. 46.500 అంటే 46 నిమిషాల 30 సెకన్లు. ఉత్తర దక్షిణాల్లో ఒక నిమిషం 1,850 మీటర్లు. నీ 20 సెకన్ల తేడాకు 600 మీటర్లకు పైగా పోయావు. ఎవరు అంకెలు పంపినా, నిమిషాల తర్వాత చుక్క ఉందా, సెకన్ల గుర్తు ఉందా చూసి రాసుకో.

మీరు వెళ్లిన మర్నాడు పొద్దున్నే టేపు, మూడు వెదురు పుల్లలు పట్టుకుని వెళ్లాను. మీ బాబాయి ఫోనులో అవే అంకెలు పెట్టించుకున్నాను. బ్యాటరీ ఆదా చేసే సెట్టింగ్ తీసేయించాను, అది ఉంటే ఫోను జీపీఎస్‌ను సరిగ్గా వాడదు. మన తోటలో నెట్‌వర్క్ కూడా అంతంతమాత్రం కాబట్టి మొదటిసారి చోటు దొరకడానికి టైము పడుతుంది. గట్టు మీద బయట్లో ఐదు నిమిషాలు ఊరికే నిలబడ్డాను. తర్వాత తోట లోపలికి పోకుండా, మూడు వైపుల నుంచి, డబ్బా చోటు ఇంకా ముప్పై మీటర్లుందనగా ఆగి, బాణం ఎటు చూపిస్తే అటు వెదురు పుల్ల పడుకోబెట్టాను. మూడు పుల్లల చూపూ కలిసేచోటుకు నడిచి, ఫోను జేబులో పెట్టేశాను.

ఇక కళ్ల పని. గాలికి రాలిన జీడాకులు అడ్డదిడ్డంగా పడతాయి. ఓ రెండు చీలికల చెట్టు మొదట్లో మాత్రం ఆకులన్నీ ఈనెలు ఒకే వైపుకు ఉండి, పేర్చినట్టున్నాయి. కర్రతో కదిపాను. టక్కుమని స్టీలు చప్పుడు. పుల్లల గీతలు కలిసిన చోటు నుంచి 6 మీటర్లు, మీరు ఆ రోజు ఎక్కువసేపు తవ్విన చోటు నుంచి 14 మీటర్లు. టేపు పెట్టే కొలిచాను. ఈ ఆటలో మామూలుగా డబ్బాను పూడ్చిపెట్టరు, మళ్లీ నేల తవ్వకండి. కర్రతో కదపకుండా ఆకుల్లో చెయ్యి అసలే పెట్టకండి.

అన్నయ్యకు కూడా ఒక మాట రాశాను. బండ నీడలో నిలబడి ఒక్కసారి చూసి అంకెలు రాసేసుకోవడం సరికాదు. నేను వారంలో నాలుగు రోజులు, వేరువేరు వేళల్లో గట్టు మీద బయట్లో అంకెలు తీసి సగటు కట్టాను. అక్కణ్ణుంచి డబ్బా దాకా టేపుతో కొలిచాను. ఆ గట్టు అంకెలు, అక్కణ్ణుంచి ఎటు ఎన్ని అడుగులో విడిగా వెనక కాగితం మీద ఉన్నాయి. అడుగులు నావి, బుజ్జిగాడివి ఎక్కువ పడతాయి.

డబ్బా మూసి, మళ్లీ దాచాను. పుస్తకం తడవకుండా పాలిథీన్ కవరులో చుట్టాను, పెన్సిల్ చెక్కి పెట్టాను. సంక్రాంతికి వచ్చినప్పుడు పొద్దున్నే వెళ్దాం. ఈ ఆటలో దాచినవాళ్లు ఒక సూచన కూడా ఇస్తారు కదా, నాదిదీ: బండకు వీపు ఆనించి నిలబడండి, గెడ్డ చప్పుడు ఏ చెవికి బాగా వినిపిస్తే అటు తిరగండి.

మీ తాతయ్య