ఒక్క గోల్ తేడా

బంగారు తల్లీ, చిన్నోడా,

మొన్న ఫోన్‌లో ఇద్దరూ ఒకే మాట అన్నారు. "2-1 కూడా ఒక గెలుపేనా తాతయ్యా, 5-0 కొడితే కదా గెలిచినట్టు!" అని. అంతలో అమ్మమ్మ అన్నానికి పిలిచింది, జవాబు అక్కడే ఆగిపోయింది. రెండు రోజులుగా ఆ మాటే తిరుగుతోంది మనసులో. ఫోన్‌లో మొదలుపెడితే సగంలోనే ఆటకు పరుగెడతారు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. నింపాదిగా చదవండి.

2021 మే 22. మనకు రాత్రి తొమ్మిదిన్నర. కరోనా రెండో వేవ్‌తో గడప దాటలేని రోజులవి. స్పెయిన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన లా లిగాలో చివరి రోజు. అట్లెటికో మాడ్రిడ్ జట్టు వయ్యడోలిడ్ అనే ఊరికి వెళ్లి, ఆ ఊరి జట్టుతో ఆడింది. 2-1తో గెలిచింది. అంతే స్కోరు. కానీ ఆ ఒక్క గోల్ వెనక ఎంత ఉందో చెప్పాలంటే ముందు కొంచెం లెక్క చెప్పాలి.

లా లిగాలో 20 జట్లుంటాయి. ప్రతి జట్టూ మిగతా 19 జట్లతో సొంత మైదానంలో ఒకసారి, వాళ్ల మైదానంలో ఒకసారి ఆడుతుంది. మొత్తం 38 మ్యాచ్‌లు. ఫైనల్ అంటూ ఏమీ ఉండదు. ఆఖరికి ఎవరి పాయింట్లు ఎక్కువైతే వాళ్లదే కప్పు. గెలిస్తే 3 పాయింట్లు, డ్రా అయితే 1, ఓడితే సున్నా. ఒకప్పుడు గెలుపుకు 2 పాయింట్లే ఇచ్చేవారు, 1995-96 సీజన్ నుంచి 3 చేశారు. అంతకుముందు డ్రా అంటే సగం గెలుపు. తర్వాత అది మూడో వంతే అయింది. 5-0తో గెలిచినా 3 పాయింట్లే, 2-1తో గెలిచినా 3 పాయింట్లే.

ఆ రోజు మ్యాచ్ మొదలయ్యేసరికి అట్లెటికోకి 83 పాయింట్లు, అదే మాడ్రిడ్ ఊరి ఇంకో జట్టు రియల్ మాడ్రిడ్‌కి 81. రెండు ముందున్నారుగా, డ్రా చేసుకుంటే సరిపోదా అని చిన్నోడు అడుగుతాడు, నాకు తెలుసు. సరిపోదురా. డ్రా అయితే 84. అవతల రియల్ తన మ్యాచ్ గెలిస్తే దానికీ 84. లా లిగాలో ఇద్దరి పాయింట్లు సమానమైతే, ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు ఆడిన మ్యాచ్‌ల్లో ఎవరిది పైచేయో ముందు అది చూస్తారు. 2020 డిసెంబర్‌లో రియల్ 2-0తో గెలిచింది, మార్చిలో జరిగింది 1-1 డ్రా. కాబట్టి సమానమైతే కప్పు రియల్‌దే. డిసెంబర్‌లో ఓడిన బాకీ మే నెల దాకా తీరలేదన్నమాట.

నిజానికి ఇంత టెన్షన్ రావాల్సిన సీజన్ కాదది. జనవరి చివరికి అట్లెటికో పది పాయింట్లు ముందుంది. అక్కడి నుంచి కొంచెం కొంచెంగా ఆధిక్యం కరిగిపోయింది. చివరి వారానికి ముందు వారం ఒసాసునాతో సొంత మైదానంలో ఆడుతూ 75వ నిమిషంలో గోల్ ఇచ్చేసింది. అదే సమయానికి రియల్ బిల్బావోలో గెలుస్తోంది. అంటే కప్పు చేజారిపోయినట్టే. 82వ నిమిషంలో రెనాన్ లోది స్కోరు సమం చేశాడు, 88వ నిమిషంలో లూయిస్ సువారెజ్ గెలిపించాడు. అదీ 2-1 స్కోరే!

ఆ జట్టు అభిమానుల భయం మీకు అర్థం కావాలంటే ఇంకొంచెం వెనక్కి వెళ్లాలి. స్పెయిన్‌లో అట్లెటికోకి 'ఎల్ పూపాస్' అని ఒక పేరుంది. ఎప్పుడూ దెబ్బలు తగిలించుకునే వాడు, కలిసిరానివాడు అనుకోండి. 1974లో యూరప్ క్లబ్బుల పోటీ యూరోపియన్ కప్ (ఇప్పటి చాంపియన్స్ లీగ్) ఫైనల్లో బయర్న్ మ్యూనిక్ మీద గోల్ కొట్టి, అదనపు సమయం ఆఖరి నిమిషంలో గోల్ ఇచ్చుకుంది. ఆ రోజుల్లో స్కోరు సమమైతే మళ్లీ ఆడేవారు. రెండు రోజుల తర్వాత ఆడితే 4-0తో ఓడిపోయింది. సరిగ్గా నలభై ఏళ్లకు 2014 చాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో కూడా అంతే. లిస్బన్‌లో 1-0తో ముందుంది, 90 నిమిషాలయ్యాక కలిపే ఇంజురీ టైంలో, 93వ నిమిషంలో, రియల్ ఆటగాడు సెర్జియో రామోస్ తలతో గోల్ కొట్టాడు. అదనపు సమయం ముగిసేసరికి 4-1తో ఓటమి. ఇలాంటివి చూసినవాళ్లకు ఒక్క గోల్ ఆధిక్యంతో చివరి పది నిమిషాలు ఎలా ఉంటాయో ఆలోచించండి.

ఇక మ్యాచ్. 18వ నిమిషంలో అట్లెటికోకి కార్నర్ కిక్ దొరికింది. కార్నర్ అంటే డిఫెండర్లు కూడా ముందుకు వచ్చేస్తారు కదా, వెనక ఇల్లు ఖాళీ. బంతి వయ్యడోలిడ్‌కి చిక్కింది. వాళ్లు మెరుపులా అటువైపు పరుగెత్తారు, ఆస్కార్ ప్లానో గోల్ కొట్టాడు. 1-0. హాఫ్ టైం దాకా అదే స్కోరు. అవతల రియల్ కూడా విల్లారియల్ చేతిలో 1-0తో వెనకబడి ఉంది, అది ఒక్కటే ఊరట.

57వ నిమిషంలో ఏంజెల్ కొరెయా కొట్టిన గోల్ గురించి మాత్రం నేను ఎంత చెప్పినా తక్కువే. పెనాల్టీ బాక్స్ అంచున బంతి అందుకున్నాడు. చుట్టూ డిఫెండర్లు. వాళ్ల మధ్యలోంచి దూరి, కాలు వెనక్కి ఎత్తకుండానే బూటు కొనతో బంతిని పొడిచాడు. మామూలుగా కోచ్‌లు బొటనవేలితో కొట్టొద్దంటారు, బంతి ఎటు పోతుందో తెలియదని. కానీ కాలు వెనక్కి లాగి కొడితే ఆ కదలిక చూసి గోల్‌కీపర్ ముందే సిద్ధపడతాడు. కొనతో పొడిస్తే ఆ కబురు అందదు. అతను కదిలేలోపే బంతి నేలబారుగా మూలకు వెళ్లిపోయింది. వీధిలో, ఇరుకు సందుల్లో ఆడి పెరిగిన పిల్లలకు చప్పున తోచే దెబ్బ అది. కొరెయాది అర్జెంటీనాలోని రొసారియో. 2014లో, పందొమ్మిదేళ్ల వయసులో, అతని గుండెలో ఉన్న గడ్డను ఆపరేషన్ చేసి తీసేశారు. ఆ తర్వాతే అట్లెటికోకి ఆడాడు. అందుకే ఆ గోల్ చూసినప్పుడల్లా నాకు కళ్లు చెమరుస్తాయి.

పది నిమిషాల తర్వాత, 67వ నిమిషంలో, వయ్యడోలిడ్ వాళ్ల పాస్ ఒకటి దారి తప్పింది. సువారెజ్ దాన్ని పట్టుకుని ఒంటరిగా గోల్‌కీపర్ మీదికి వెళ్లాడు. తొందరపడలేదు. నేల మీదుగా లోపలికి పంపాడు. 2-1.

సువారెజ్‌ని అంతకుముందు వేసవిలో బార్సిలోనా వదిలేసింది. ఆ క్లబ్‌కి ఆరేళ్లలో 198 గోల్స్ కొట్టిన మనిషి. అప్పటికి వయసు 33, ఇక చాలనుకున్నారు. అతను అట్లెటికోకి వచ్చి ఆ సీజన్ లీగ్‌లో 21 గోల్స్ కొట్టాడు, చివరి రెండు మ్యాచ్‌ల్లో గెలిపించిన గోల్స్ రెండూ అతనివే.

కానీ ఇంకా 23 నిమిషాలున్నాయి. 87వ నిమిషంలో మాడ్రిడ్ నుంచి కబురు, రియల్ ఆటగాడు బెంజెమా గోల్ కొట్టి స్కోరు సమం చేశాడని. ఇంజురీ టైంలో ఇంకో కబురు, మోడ్రిచ్ కొట్టాడని. రియల్ గెలిచేసింది! ఇప్పుడు వయ్యడోలిడ్ ఒక్క గోల్ కొట్టినా కప్పు రియల్‌దే. అట్లెటికో గోల్‌లో యాన్ ఓబ్లాక్ ఉన్నాడు, ఆ సీజన్ 38 మ్యాచ్‌ల్లో 25 గోల్స్ మాత్రమే ఇచ్చినవాడు. అయినా నా చేతులు చల్లబడిపోయాయి. అమ్మమ్మ మంచినీళ్లు తెచ్చి పెడితే గ్లాసు అలాగే పట్టుకుని కూర్చున్నాను.

విజిల్ మోగింది. అట్లెటికో 86, రియల్ 84. పట్టిక తీసి చూడండి, రెండు జట్లూ నాలుగేసి మ్యాచ్‌లే ఓడాయి. అట్లెటికో 26 గెలిచి 8 డ్రా చేసుకుంది. రియల్ 25 గెలిచి 9 డ్రా చేసుకుంది. 38 మ్యాచ్‌ల తర్వాత ఇద్దరి మధ్యా తేడా ఒకే ఒక్క డ్రా.

కరోనా వల్ల స్టేడియంలో ప్రేక్షకులు లేరు. మాడ్రిడ్ నుంచి వచ్చిన అభిమానులు గోడల బయటే నిలబడి కేకలు పెట్టారు. లోపల సువారెజ్ గడ్డి మీద కూర్చుని, ఫోన్‌లో ఇంట్లోవాళ్లను చూస్తూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

వయ్యడోలిడ్ సంగతి కూడా చెప్పాలి. చివరి మూడు స్థానాల్లో ఉన్నవాళ్లు కింది డివిజన్‌కి పోతారు. వాళ్లు 19వ స్థానంలో నిలిచి దిగిపోయారు. ఆ ఏడాది వాళ్లు గెలిచింది 5, డ్రా చేసుకున్నది 16. పదహారు సార్లు ఓడకుండా బయటపడ్డారు, ఆ పదహారింటికీ వచ్చింది 16 పాయింట్లే. వాటిలో ఓ మూడు చోట్ల ఇంకొక్క గోల్ పడి ఉంటే లీగ్‌లోనే ఉండేవాళ్లు.

సంక్రాంతి సెలవులకు వస్తారుగా, ఆ మ్యాచ్ మళ్లీ పెట్టి చూద్దాం. 57వ నిమిషం దగ్గర ఆపి కొరెయా కాలు చూపిస్తాను. తర్వాత మేడ మీద చిన్నోడు గోల్‌లో నిలబడాలి, నువ్వు బూటు కొనతో కొట్టాలి తల్లీ.

మీ తాతయ్య