పద్మిని కథకు ఎన్ని ముగింపులు?

2017 మార్చిలో చిత్తోడ్‌గఢ్ కోటలోని పద్మిని మహల్లో అద్దాలు పగలగొట్టారు. ఢిల్లీ సుల్తాను అల్లావుద్దీన్ ఖిల్జీ చిత్తోడ్ రాణి పద్మిని ప్రతిబింబాన్ని చూసింది వీటిలోనేనని గైడ్లు పర్యాటకులకు చూపించే అద్దాలవి. నిజానికి అవి ఈ కాలంలో బిగించినవే. ఆ మహలు కూడా ఇప్పుడున్న రూపంలో పందొమ్మిదో శతాబ్దపు కట్టడం. తమ రాణి పరపురుషుడికి అద్దంలోనైనా కనిపించలేదన్నది ఆందోళనకారుల పట్టు. ఆ సరికే పద్మిని మీద తీస్తున్న హిందీ సినిమా చుట్టూ గొడవ రాజుకుంది.

చిత్తోడ్ ముట్టడి మాత్రం జరిగిందే. 1303 జనవరిలో ఢిల్లీ నుంచి కదిలిన అల్లావుద్దీన్‌కు ఆగస్టు 26న కోట చిక్కింది. అదే సమయంలో ఓరుగల్లు మీదికి అతను పంపిన మరో సేన మాత్రం ఓడి తిరుగుముఖం పట్టింది. పద్మిని భర్తగా చెప్పే చిత్తోడ్ రాజు రత్నసింహుడూ కల్పిత పాత్ర కాదు, 1302 నాటి శాసనంలో అతని పేరుంది. సుల్తాను వెంట వెళ్లిన కవి అమీర్ ఖుస్రో ఆ ముట్టడిని తన పుస్తకంలో వర్ణించాడు. ముప్పై వేలమందిని చంపించారని, రాజు లొంగిపోతే ప్రాణాలతో వదిలారని, కోటకు సుల్తాను కొడుకు పేర ఖిజ్రాబాద్ అని పేరు పెట్టారని రాశాడు. పద్మిని ఊసు లేదు. ఆ తర్వాతి చరిత్రకారులు బరనీ, ఇసామీల రచనల్లోనూ లేదు. 1336 నాటి ఒక జైన గ్రంథం చిత్తోడ్ రాజును బంధించి ఊరూరా కోతిలా తిప్పారని చెప్పింది గాని, రాణి మాట ఎత్తలేదు.

ఆమె ఉందనేవారికి ఖుస్రో వాక్యాల్లోనే ఒక ఆధారం దొరికింది. అతను సుల్తానును సులేమానుతో పోల్చి, తనను ఆయన పక్షిగా చెప్పుకుంటూ హుద్‌హుద్ పిట్ట ప్రస్తావన తెచ్చాడు. ఖురాన్‌లో షేబా రాణి సంగతి సులేమానుకు మోసుకొచ్చింది ఆ పిట్టే. కాబట్టి ఇది పద్మినికి చాటుగా చేసిన సూచన అని ఆశీర్వాదీలాల్ శ్రీవాస్తవ వంటి చరిత్రకారులు వాదించారు. సుల్తానుకు నచ్చని విషయాలను ఖుస్రో దాటవేసే మాట నిజమే. అల్లావుద్దీన్ తన పినతండ్రి జలాలుద్దీన్‌ను చంపించి గద్దెనెక్కిన సంగతిని ఆ పుస్తకంలో రాయనేలేదు. అయినా ఈ వాదన నాకు బలంగా కనిపించదు. గుజరాత్ రాణి కమలాదేవి సుల్తాను అంతఃపురం చేరిన వైనాన్ని, రణథంబోర్ జౌహర్‌ను (కోట శత్రువు వశమయ్యేటప్పుడు రాజపుత్ర స్త్రీలు మూకుమ్మడిగా అగ్నికి ఆహుతి కావడాన్ని) ఇదే ఖుస్రో దాపరికం లేకుండా రాశాడు. చిత్తోడ్‌లో జౌహర్ జరిగి ఉంటే దాచవలసిన అవసరమేముంది?

పద్మిని పూర్తి రూపంతో మనకు కనిపించేది 1540లో, అంటే ముట్టడి జరిగిన 237 ఏళ్లకు, సూఫీ కవి మాలిక్ ముహమ్మద్ జాయసీ అవధీలో రాసిన ‘పద్మావత్’లో. అందులో ఆమె పద్మావతి అనే సింహళ రాకుమారి. హీరామణి అనే చిలుక ఆమె అందాన్ని వర్ణిస్తే విని, చిత్తోడ్ రాజు రతన్‌సేనుడు (రత్నసింహుడే) జోగి వేషం కట్టి సముద్రం దాటుతాడు. రాజు వెళ్లగొట్టిన పండితుడు రాఘవ చేతనుడు ఢిల్లీ చేరి సుల్తానుకు ఆశ పుట్టిస్తాడు. సుల్తాను రాజును ఢిల్లీకి పట్టుకుపోతే గోరా, బాదల్ పల్లకీల్లో యోధులను దాచి తీసుకెళ్లి విడిపిస్తారు. అసలు మలుపు ఆ తర్వాతే. తాను చెరలో ఉండగా పద్మావతిని ఆశించి కబురు పంపిన కుంభల్‌నేర్ రాజు దేవపాలుడి మీదికి రతన్‌సేనుడు వెళ్లి, ఆ పోరులో తగిలిన గాయంతో చనిపోతాడు. రాజును చంపింది సుల్తాను కాదు, పొరుగు హిందూ రాజు. పద్మావతి, సవతి నాగమతి కలిసి చితి ఎక్కుతారు. కోటకు చేరిన అల్లావుద్దీన్‌కు మిగిలింది పిడికెడు బూడిద.

చిత్తోడ్ ఉన్న మేవాడ్ రాజ్యంలో కథ మారింది. 1589లో జైన కవి హేమరతన్ చెప్పిన కథలో గోరా బలైనా రాజు ప్రాణాలతో బయటపడతాడు, పద్మిని సహగమనమూ లేదు. మేవాడ్‌లో బ్రిటిష్ ప్రతినిధిగా పనిచేసిన కల్నల్ జేమ్స్ టాడ్, రాజవంశాల కీర్తి పాడే చారణుల కథలు సేకరించి 1829లో అచ్చువేసిన గ్రంథంలో పద్మిని భర్త భీంసింగ్ అయ్యాడు, దేవపాలుడు మాయమయ్యాడు. మిగిలింది సుల్తాను కాముకత్వం, రాజపుత్రుల శౌర్యం, జౌహర్. బెంగాలీ రచయితలు ఈ రూపాన్నే అందుకున్నారు, జాతీయోద్యమ కాలంలో దేశమంతటా పాకిందీ ఇదే. కల్నల్ దొర గ్రంథం నుంచి వచ్చిన కథను తరతరాల వంశగౌరవంగా కాపాడుకోవడం విడ్డూరంగానే ఉంటుంది. అలాగని చిత్తోడ్ జౌహర్లన్నీ కల్పన అనలేం. 1535లో, 1568లో జరిగినవాటికి చరిత్రలో ఆధారాలున్నాయి. జాయసీ కావ్యం మొదటిదాని తర్వాత అయిదేళ్లకే వచ్చింది.

సినిమా గొడవ కోర్టుకెక్కింది. రాజస్థాన్, గుజరాత్ వంటి రాష్ట్రాలు విధించిన నిషేధాలను సుప్రీంకోర్టు 2018 జనవరి 18న నిలిపివేసింది. ‘పద్మావతి’ అన్న పేరు జాయసీ కావ్యాన్ని తలపించేలా ‘పద్మావత్’గా మారి, ఆ నెల 25న చిత్రం విడుదలైంది. తెరమీద మాత్రం దేవపాలుడు లేడు. రతన్‌సింగ్ వెన్నులో బాణాలు వేయించింది మాలిక్ కాఫుర్, 1309-10లో మన ఓరుగల్లును ముట్టడించిన ఆ సేనాని.