గడువు దాటిన హాప్స్‌తో బీరు కాచొచ్చా?

ఇంట్లో బీరు కాచుకునేవాళ్ల ఫ్రీజర్ అడుగున ఎప్పుడో ఒకప్పుడు పాత హాప్స్ (బీరుకు చేదు, సువాసన ఇచ్చే పువ్వులు) ప్యాకెట్ బయటపడుతుంది. పక్కనే తేదీ దాటిపోయిన ఈస్ట్ (బీరును పులియబెట్టే సూక్ష్మజీవి), అల్మారాలో సగం వాడి మూతి చుట్టేసిన మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) సంచి. పారేయడానికి మనసొప్పదు. వాడితే ఇరవై లీటర్ల బీరు పాడవుతుందేమోనని టెన్షన్. ప్యాకెట్ మీది తేదీ ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు, ఎందుకంటే బీరులోకి వెళ్లే సరుకులన్నీ ఒకే తీరున పాతబడవు. నన్నడిగితే తేదీ కన్నా ముందు చూసుకోవాల్సింది వేరే ఉంది: ఈ సరుకులోంచి ఏదైనా పోయిందా, లేక కొత్తగా ఏదైనా చేరిందా? పోయినదాన్ని చాలావరకు పూడ్చుకోవచ్చు. చేరినదాన్ని బయటికి తీయడం మాత్రం కష్టం.

ఈ తేడా బాగా తెలిసేది హాప్స్‌లోనే. హాప్స్ పువ్వును విప్పి చూస్తే రేకుల మొదట్లో పసుపు రంగు జిగురు పొడి కనిపిస్తుంది. అది లుపులిన్. చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లాలు, సువాసననిచ్చే నూనెలు రెండూ అందులోనే ఉంటాయి. ఆల్ఫా ఆమ్లాలు ఉన్నవి ఉన్నట్టుగా బీరులో సరిగా కరగవు. వర్ట్‌లో, అంటే మాల్ట్ నానబెట్టి తీసిన తీపి రసంలో, మరిగి ఐసో-ఆల్ఫా ఆమ్లాలుగా మారితేనే చేదు దిగుతుంది. నిల్వలో గాలి తగిలితే అవి కుండలో పడకముందే ఆక్సీకరణ చెంది తరిగిపోతాయి. వేడి తోడైతే మరీ వేగంగా.

ఎంత తరుగుతుందన్నది హాప్స్ రకాన్ని బట్టి ఉంటుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆరు నెలలు ఉంచితే కాస్కేడ్ అనే రకంలో ఆల్ఫా ఆమ్లాలు దాదాపు సగానికి పడిపోతాయి. మాగ్నమ్ అనే రకంలో అదే కాలానికి 80 శాతం దాకా నిలుస్తాయి. గాలి తీసి సీలు వేసి ఫ్రీజర్‌లో పెడితే తరుగు బాగా నెమ్మదిస్తుంది. కాబట్టి 6 శాతం ఆల్ఫా అని రాసి ఉన్న కాస్కేడ్ ఆరు నెలలు అల్మారాలో పడి ఉంటే, దాన్ని 3 శాతం కింద లెక్కేసుకుని, 30 గ్రాములు వేసేచోట 60 గ్రాములు వేయాలి. అయితే ఇది గరిష్ఠ అంచనా. లుపులిన్‌లోనే ఉండే బీటా ఆమ్లాలు ఆక్సీకరణ చెందితే హులుపోన్‌లనే చేదు పదార్థాలు పుడతాయి కనుక, ఆల్ఫా పడిపోయినంతగా చేదు పడిపోదు. ప్రయోగశాలల్లో హాప్స్ వయసును కాంతితో కొలుస్తారు. హాప్స్ సారం 275, 325 నానోమీటర్ల దగ్గర ఎంతెంత అతినీలలోహిత కాంతిని పీల్చుకుంటుందో చూసి, ఆ రెండింటి నిష్పత్తిని లెక్కగడతారు. తాజా హాప్స్‌లో అది 0.25 దగ్గర ఉంటుంది, పాతబడేకొద్దీ పెరుగుతుంది.

ఇంట్లో అంత పరికరం ఉండదు, ముక్కు ఉంటుంది. రెండు హాప్స్ గుళికలు (పొడిచేసి నొక్కిన హాప్స్) అరచేతిలో వేసి గట్టిగా నలిపి వాసన చూడండి. పచ్చి ఆకు వాసనో, నిమ్మ తొక్క వాసనో తగ్గి, ఎండుగడ్డి వాసన వస్తే నూనెలు పోయాయని అర్థం. చేదు కోసం మొదట్లో వేసే హాప్స్‌గా అవి ఇంకా పనికొస్తాయి. ముదిరిన చీజ్ వాసన, చెమటపట్టిన సాక్సుల వాసన వస్తే మాత్రం కొత్తగా ఒకటి చేరినట్టు. అది ఐసోవలరిక్ ఆమ్లం. ఆల్ఫా ఆమ్లాల పక్క గొలుసులు విరిగి పుడుతుంది. మరుగు చివర్లోనో, పులిసేటప్పుడో అలాంటి హాప్స్ వేస్తే ఆ వాసన నేరుగా గ్లాసులోకి వస్తుంది.

అయినా ప్రపంచంలో ఒకచోట పాత హాప్స్‌నే కోరి వాడతారు. బెల్జియంలో బ్రస్సెల్స్ చుట్టుపక్కల తయారయ్యే లాంబిక్ బీరుకు ఒకటి నుంచి మూడేళ్ల పాటు నిల్వ ఉంచిన హాప్స్ కావాలి. లాంబిక్‌లో ఈస్ట్‌ని విడిగా కలపరు. వెడల్పాటి తొట్టెలో రాత్రంతా చల్లారే వర్ట్‌లోకి గాలిలోంచీ పరిసరాల్లోంచీ వచ్చి చేరే సూక్ష్మజీవులే దాన్ని పులియబెడతాయి. బ్యాక్టీరియా మరీ చెలరేగకుండా హాప్స్ కాపలా అవసరం, కానీ పుల్లటి బీరులో గాఢమైన చేదు నప్పదు. పాతబడ్డ హాప్స్‌లో చేదు తగ్గి, బ్యాక్టీరియాను అదుపు చేసే గుణం మాత్రం కొంత మిగులుతుంది. పైగా వర్ట్‌ని గంటల తరబడి మరిగిస్తారు కనుక చెడు వాసనల్లో చాలా భాగం ఆవిరైపోతుంది. నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా నచ్చేది ఇదే. మిగతావాళ్లు నష్టం కింద రాసుకునేదాన్ని వాళ్లు తరతరాలుగా సరుకు గుణంగా లెక్కేసుకున్నారు.

ఈస్ట్ విషయానికొస్తే, అక్కడ పోయేది ప్రాణం. ద్రవ ఈస్ట్ ఫ్రిజ్‌లో ఉన్నా నెలకు సుమారు 20 శాతం కణాలు చచ్చిపోతాయని బీరు కాచేవాళ్లు వాడే మోటు లెక్క. 10,000 కోట్ల కణాలతో మొదలైన ప్యాకెట్‌లో ఆరు నెలలకు 2,600 కోట్లు మిగులుతాయి. మామూలు ఎయిల్ (బీరులో ఒక రకం) 20 లీటర్లకు 18,000 కోట్ల దాకా కావాలి. తక్కువ కణాలతో మొదలుపెడితే పులవడం ఆలస్యమవుతుంది, ఆ సందులో అడవి బ్యాక్టీరియా దూరుతుంది, బీరుకు ఘాటైన ఆల్కహాల్ వాసనలు పడతాయి.

బతికున్నవి కొన్నైనా ఉంటే వాటిని పెంచుకోవచ్చు. లీటరు నీటిలో 100 గ్రాముల పొడి మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (వర్ట్‌ని ఆరబెట్టి చేసిన పొడి) వేసి మరిగించి, పూర్తిగా చల్లార్చి, శుభ్రం చేసిన సీసాలో పోసి ఈస్ట్ వేసి అప్పుడప్పుడూ కదుపుతూ ఉండాలి. దీన్నే స్టార్టర్ అంటారు. ఒకటి రెండు రోజుల్లో నురగ తేలి, అడుగున తెల్లటి మడ్డి పేరుకుంటే ఈస్ట్ బతికినట్టే. బాగా పాతదైతే ఆ మడ్డిని మరో స్టార్టర్‌లో వేసి ఇంకోసారి పెంచాలి. కుళ్లు వాసనో, పుల్లటి వాసనో వస్తే అక్కడితో ఆపేయడమే. ఖర్చయింది ఒక్క లీటరే. మైక్రోస్కోప్ ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది: మిథిలీన్ బ్లూ చుక్క వేస్తే చచ్చిన కణాలు నీలంగా మారతాయి, బతికున్నవి ఆ రంగును విరిచేసి రంగు లేకుండా ఉంటాయి. పొడి ఈస్ట్ చాలా మొండిది, ఫ్రిజ్‌లో ఉంచితే తేదీ దాటినా చాలాకాలం పనిచేస్తుంది.

ద్రవ మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ నిల్వలో నల్లబడుతుంది. చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి జరిపే మెయిలార్డ్ చర్య అది. లేత రంగు బీరుకు పనికిరాకపోయినా స్టౌట్ లాంటి నల్ల బీరులోకి వాడుకోవచ్చు. పొడి ఎక్స్‌ట్రాక్ట్ రాయిలా గడ్డకట్టినా మరిగే నీళ్లలో కరుగుతుంది, దిగులక్కర్లేదు.

ఇక మాల్ట్. బాగా ఎండిన గింజలో తేమ 4, 5 శాతమే. నాలుగు గింజలు నోట్లో వేసుకుని కొరికి చూడండి. కరకరలాడితే ఏడాది దాటినా భయం లేదు. మెత్తగా సాగితే చెమ్మ పట్టినట్టు. పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు కూడా కొంత నీరసించి ఉంటాయి కనుక, సగానికి సగం తాజా మాల్ట్ కలిపితే మంచిది. మర పట్టిన మాల్ట్ మాత్రం త్వరగా పాడవుతుంది. పొట్టు కాపలా పోయి కొవ్వులకు గాలి తగులుతుంది.

ముక్కిన వాసన వచ్చినా, గింజల మీద బూజు కనిపించినా లెక్క మొత్తం మారిపోతుంది. మామూలుగా బీరులో మనిషికి జబ్బు తెచ్చే బ్యాక్టీరియా నిలవలేదు. మరుగు, ఆల్కహాల్, పులుపు, హాప్స్ కలిసి దాన్ని అడ్డుకుంటాయి. బూజు వదిలే విషాలు అలా కాదు. ఫ్యుసేరియం బూజు తయారుచేసే డీఆక్సీనివలెనాల్ నీటిలో కరుగుతుంది, మరిగించినా చావదు, బీరులోకి దిగుతుంది. అదే బూజు ప్రోటీన్ల వల్ల సీసా మూత తీయగానే బీరంతా నురగై బయటికి ఎగజిమ్ముతుంది కూడా. ఎక్కువ హాప్స్ వేసో, తాజా మాల్ట్ కలిపో దీన్ని సరిచేయలేం. బూజు పట్టిన సంచి పారేయాల్సిందే, అందులో బాగున్నట్టు కనిపించే గింజలతో సహా.