అర మాత్ర, పావు మాత్ర: మందుల త్రీడీ ప్రింటింగ్‌పై అపోహలు - వాస్తవాలు

మాత్రల తయారీ నా పని. మందులను కూడా ప్రింట్ చేస్తారని చెప్పగానే నాకు ఎదురయ్యే మాటలివి.

అపోహ: ప్రింటర్ కొనుక్కుంటే మాత్రలు ఇంట్లోనే చేసుకోవచ్చు.

వాస్తవం: ప్రింటర్ మందును పుట్టించదు. ఒక పద్ధతిలో మందు పొడిని తగిన పదార్థాలతో పేస్టులా కలిపి సిరంజిలో నింపుతాం. జంతికల గొట్టంలోంచి పిండి దిగినట్టు అది సన్నగా దిగి, పొర మీద పొర పడి మాత్ర అవుతుంది. పేస్టులో చిన్న గాలి బుడగ ఉన్నా ధార తెగుతుంది, ఆ మాత్రలో మందు తగ్గిపోతుంది. అందుకే తూకం, పరీక్షలు తప్పనిసరి.

అపోహ: ప్రింట్ చేసిందంటే ఆ రోగి కోసమే చేసిన మాత్ర.

వాస్తవం: అన్నీ కావు. 2015లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించిన తొలి త్రీడీ ప్రింటెడ్ మాత్ర స్ప్రిటామ్. అది ఫిట్స్‌కు వాడే లెవెటిరాసెటమ్. మామూలు మాత్రల్లాగే నిర్ణీత డోసుల్లో ఫ్యాక్టరీలోనే తయారవుతుంది. పొడిని గట్టిగా అదమరు కాబట్టి గుక్కెడు నీళ్లకే నోట్లో సెకన్లలో విడిపోతుంది. మింగలేని వాళ్లకు అదే పెద్ద మేలు.

అపోహ: డోసు తగ్గించాలంటే మాత్ర విరిస్తే సరిపోతుంది కదా!

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా నాకు టెన్షనే. గీత లేని మాత్రను కత్తితో కోసి రెండు ముక్కలనూ తూచి చూడండి, సమానంగా రావడం అరుదు. పావు చేస్తే ఇంకా తేడా. కొంత పొడి కత్తికే అంటుకుపోతుంది. పెద్దవాళ్లకు కొన్ని మందుల్లో అది సర్దుకుపోవచ్చు, పసిపిల్లలకు అలా కాదు. స్పెయిన్‌లోని సాంటియాగో ఆసుపత్రిలో మేపుల్ సిరప్ యూరిన్ అనే అరుదైన జన్యు వ్యాధి ఉన్న నలుగురు పిల్లలకు ఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని నమిలే మాత్రలుగా ప్రింట్ చేసి ఇచ్చారు. రక్తపరీక్ష చూసి ఎవరి డోసు వాళ్లకు, రంగులు, రుచులు మార్చి మరీ. 2019లో వచ్చిన ఫలితాల్లో రక్తంలో దాని స్థాయి అదుపులోనే ఉంది. పిల్లలు ఇష్టంగా నమిలే మందు సరైన డోసులో దొరకడం ఎంత పెద్ద విషయమో ఆ తల్లిదండ్రులకే తెలుస్తుంది.

అపోహ: ఇక ఫ్యాక్టరీ మాత్రలకు కాలం చెల్లినట్టే.

వాస్తవం: లేదు. ఫ్యాక్టరీ యంత్రం గంటకు లక్షల మాత్రలు అదుముతుంది, ప్రింటర్ ఆ వేగాన్ని అందుకోలేదు. అందరికీ ఒకే డోసు సరిపోయే మందుకు ప్రింటర్ అక్కర్లేదు.

ఇప్పుడు మీ ఇంట్లో పాపకు మాత్ర సగం చేసి ఇస్తున్నారా? అదే మందు సిరప్‌గా దొరుకుతుందేమో ఫార్మసిస్టును అడగండి. పేరు పక్కన ఎస్ఆర్, ఎక్స్ఆర్ అని ఉంటే మాత్రం డాక్టర్‌ని అడగకుండా విరవొద్దు, నూరొద్దు. రోజంతా కొద్దికొద్దిగా విడుదల కావాల్సిన మందు ఒక్కసారిగా ఒంట్లోకి వెళ్లిపోవచ్చు.